పరస్థానం పెట్టిన సంచి

ఆ సంచి ఖాకీ గుడ్డది. మా నాన్న గనిలో పని చేసినన్నాళ్ళూ భుజానికి తగిలించుకుని తిరిగినది. ఒకసారి పట్టీ తెగితే తోలు అతుకు వేయించాడు. మా అక్క సువర్ణ ఆ బుధవారం పొద్దున దాన్ని అటక మీద నుంచి దించి, దులిపి, "నాకిదే కావాల" అంది. లోపల ఇంకా నాన్న చుట్టల వాసన వస్తోంది.

అమ్మ, అక్క, నేను నడవలో కూర్చుని సర్దడం మొదలుపెట్టాం. ఒక నేత చీర, ఒక స్వెట్టరు, నీళ్ళ సీసా, చెనిక్కాయల ఉండల డబ్బా. అక్క కూతురు రోహిణికి అప్పుడు ఆరేళ్ళు. సంచిలో రెండు కాళ్ళూ పెట్టి కూర్చుని, తనను కూడా సర్దమని ఒకటే గోల.

"గంటసేపు పనికి ఇన్ని ఉండలేంది మా?" అంది అక్క.

"నీకు గంట. మాకు మూడు దినాలు. నేను మా లెక్కన కట్టినా," అంది అమ్మ.

"తినేది నేను కదా."

"మిగిలితే పట్టుకొనిరా. నీ కూతురు తింటాది."

అక్క నవ్వి, డబ్బా మూత తీసి రోహిణి ముందు పెట్టింది. "ఇవి పదుండాయి. అయిదుమందికి పంచితే తలా ఎన్ని?"

"రెండు."

"ఇద్దరికైతే?"

"అయిదు."

"ఒకరికే అయితే?"

"అన్నీ నాకే."

"ఎవరూ ల్యాకుంటే?"

రోహిణి డబ్బాలోకి తొంగి చూసింది. "ఎవరూ ల్యాకుంటే ఎవరికిస్తావు?"

"విన్న్యావా కనకం," అంటూ అక్క నా వైపు తిరిగింది. "ఇంత పిల్లకు తెలిసింది మా లెక్కలకు తెలీదు. కృష్ణబిలం నడిమధ్యకు పొయ్యేసరికి మా సమీకరణాలన్నీ సరిగ్గా ఇట్లాంటి ప్రశ్నే అడుగుతాయి. జవాబు అనంతమని వస్తాది. దానికి సింగ్యులారిటీ అని పేరు పెట్టి దండం పెట్టినాము. అనంతం జవాబు కాదు. నాకు తెలీదు అని లెక్క చెప్పుకునే తీరు అది. ఆడ ఏదో ఒక అడుగు ఉండాల. ఉందో లేదో చూసొస్తా."

తన పేరు సువర్ణ, నా పేరు కనకం. మా నాన్న ఎర్రబండ బంగారు గనుల్లో షిఫ్టు మారే వేళకు సైరన్ కూత వేసే ఉద్యోగి. దొరికిన బంగారమంతా కంపెనీకే పోతుంది, ఇంట్లో రెండు తునకలన్నా ఉండనీ అని మాకు ఆ పేర్లు పెట్టానని అందరికీ చెప్పేవాడు. నాన్న పోయిన కొన్నేళ్ళకు గనిలో బంగారం కూడా అయిపోయింది. సగం కాలనీ ఖాళీ అయింది. అప్పుడు వచ్చారు సైన్సువాళ్ళు. భూమి మీద లారీలు, రైళ్ళు, మనుషుల అదురు లేని చోటు కావాలట వాళ్ళకు. మా గనిలో అన్నిటికంటే అడుగున ఉన్న సొరంగం నచ్చింది. స్కాలర్‌షిప్పుల మీద చదివి భౌతికశాస్త్రవేత్త అయిన మా అక్క, అదే పనిలో ఉన్న మా బావ చెన్నకేశవులుతో కలిసి పుట్టిన ఊరికే ఉద్యోగానికి వచ్చింది. నేను అయిదో తరగతితో ఆగినదాన్ని. పెళ్ళి చేసుకోలేదు. లాబొరేటరీ క్యాంటీను నడిపేదాన్ని. అక్క పుస్తకాలు పొయ్యి పక్కన పెట్టుకుని చదివేదాన్ని. సగం అర్థమయ్యేది. మిగతా సగం తనను అడిగి విసిగించేదాన్ని.

కింద వాళ్ళు చేసినదాన్ని గుంట అనేవారు. వంటగదంత ఇనుప గది, దాని నడుమ ఆవగింజలో వెయ్యో వంతు కూడా లేని ఒక చుక్క. భూమి, సూర్యుడు తమ బరువుతో చుట్టూ ఉన్న చోటును వంచుతాయి. ఆ వంపును బరువు లేకుండా తయారు చెయ్యడం వీళ్ళు నేర్చారు. వంపు ఎంత లోతైతే అక్కడ కాలం అంత నెమ్మది. వీళ్ళ కొలత ప్రకారం లోపల ఒక గంట గడిచేసరికి పైన మూడు రోజులు.

నమ్మని అమ్మను నమ్మించడానికి అక్క ఒక సోమవారం లోటాలో పాలు పోసి, తోడు వేసి, గుంటలో పెట్టించింది. గురువారం ఆ లోటా పైకి వచ్చింది. అమ్మ వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది. పాలు పాలుగానే ఉన్నాయి. "తోడు కూడా పడని కొంపేందే అది!" అంది. మరోసారి నా కోసం మల్లెమొగ్గల మాల పెట్టింది. మూడు రోజుల తర్వాత తీసినా మొగ్గలు మొగ్గలే. ఆ సాయంత్రం నా తలలో విచ్చుకున్నాయి. ఎప్పుడో గడిచిపోయిన సాయంత్రం ఒకటి నా కోసం ఆగి వచ్చినట్టు అనిపించింది. ఆ వాసన ఇప్పటికీ గుర్తుంది.

తీగల ద్వారా పంపే వార్త గుంట అంచు దాటేసరికి చెడిపోయేది, రెండు వైపులా కాలం ఒకటి కాదు గనుక. అందుకని ఒక మనిషి లోపల కుర్చీలో కూర్చుని, కటకంలో చూస్తూ, చేత్తో చక్రం తిప్పి గుంటను ఇంకా లోతు చెయ్యాలి. ఆ పని అక్క అడిగి మరీ తీసుకుంది. గురువారం దిగి, ఆదివారం పైకి రావాలి.

"గురువారం దక్షిణానికి శూల," అంది అమ్మ, ఉండల డబ్బా సంచిలో కుక్కుతూ.

"నేను దక్షిణానికి పోవటం ల్యా. కిందికి పోతాండా. కిందికి శూల అని పంచాంగంలో యాడుంది?"

"గని మన ఇంటికి దక్షిణమే కదా. కిందంటే ఇంకా అధ్వానం. నోరు మూసుకొని పరస్థానం పెట్టు."

బయలుదేరే రోజు మంచిది కాకపోతే, ముందురోజు మంచి వేళలో సంచిని గడప దాటించి, వెళ్ళే దారిలో ఉన్న ఎవరింట్లోనో పెట్టడం మా వైపు అలవాటు. సంచి కదిలిందంటే ప్రయాణం మొదలైనట్టే. తర్వాత మనిషి ఏ రోజు కదిలినా దోషం అంటదు. ఒకటే నియమం, అలా పెట్టిన సంచి ముందుకే పోవాలి తప్ప మళ్ళీ ఇంటికి రాకూడదు.

"దావలో ఇల్లేదుంది మా, రాళ్ళు తప్ప?"

గుమ్మంలో కూర్చుని బూట్లు వేసుకుంటున్న బావ తలెత్తాడు. "గుంటకు ముందు గది ఉంది కదా. ఆడ బల్ల మీద పెట్టేసొస్తా. ఇటియ్యత్తా." సంచి భుజాన వేసుకుని, "మోసేటోడికి ఏమన్నా దోషం తగులుతుందా?" అని అడిగాడు.

"మోసేటోడు లెక్కకు రాడులే నాయనా," అంది అమ్మ.

గడప దాటేముందు అమ్మ అతన్ని ఆపి, నాన్న జేబు గడియారానికి నిండా కీ ఇచ్చి సంచిలో వేసింది. ఒకప్పుడు ఎర్రబండ మొత్తం ఆ గడియారం చెప్పినట్టు లేచేది, పడుకునేది.

మరునాడు ముందు గది దాకా నేను కూడా దిగాను. ఆ వేళ పనివాళ్ళకు కాఫీ దింపాల్సింది నేనే గనుక ఎవరూ అడ్డు చెప్పలేదు. లిఫ్టు దిగుతున్నంతసేపూ ఉక్క. అక్క నా చెయ్యి పట్టుకునే ఉంది. చిన్నప్పుడు నాన్నకు అన్నం తెచ్చినప్పుడు ఈ లిఫ్టులో నేను ఏడ్చేదాన్నని గుర్తు చేసి ఏడిపించింది.

సంచి బల్ల మీద బావ పెట్టిన చోటే ఉంది. అక్క అందులోంచి గడియారం తీసి గోడ గడియారంతో పోల్చి చూసింది. పావుగంట వెనకబడి ఉంది. "నాన్న పోయినాక దీనికీ బద్ధకమొచ్చింది," అంది. "ముసలిదైపోయింది పాపం," అన్నాడు బావ. అందరం నవ్వాం. అక్క ముల్లు తిప్పి సరిచేసుకుంది. ఆ గోడ గడియారం తనంతట తను నడిచేది కాదు. పైన ఆఫీసులో ఉన్న పెద్ద గడియారం నిమిషానికోసారి తీగ మీద తట్టితే దీని ముల్లు కదిలేది. కనుక అది ఎప్పుడూ పైనున్న వేళనే చూపించేది. గనిలో తన సొంత నడక నడిచే గడియారం ఆ రోజు నాన్నది ఒక్కటే. ఆ సంగతి అక్కడున్న ఎవరికీ తట్టలేదు.

"శనివారం రోహిణికి తలంటి పొయ్యి. ఆదివారం వచ్చి నేనే జడేస్తా," అంది అక్క. నా గడ్డం పట్టుకుని ఊపింది. వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళమని ఇంటి దగ్గర అమ్మ చెప్పి పంపింది. అక్క సంచి భుజాన వేసుకుని, నిజంగానే తిరిగి చూడకుండా లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

ఆదివారం రోహిణి తలంటుకుని, జుట్టు విరబోసుకుని, చీకటి పడేదాకా గుమ్మంలో కూర్చుంది. చివరికి నేనే అల్లాను. సరిగ్గా రాలేదని ఏడ్చింది.

గుంట ఉన్న ఇనుప గదికి మందపాటి అద్దం కిటికీ ఒకటి ఉంది, దాని మీద ఇనుప రెక్క. మన దీపం వెలుగు గుంటలో పడితే లోపలున్న మనిషికి అది నిప్పై తగులుతుంది. అందుకని బయట దీపాలన్నీ ఆర్పాకే ఆ రెక్క తీసేవారు. సోమవారం బావ తీశాడు. లోపలి దీపం వెలుగులో అక్క కనిపించింది. మామూలుగా వెన్నెల లాంటి తెల్లటి దీపం అది. మాకు మాత్రం కుంకుమ రంగుగా కనిపించింది. అక్క వీపు మా వైపే ఉంది. చెయ్యి ఇంకా తలుపు పిడి మీదే ఉంది. బొమ్మలా ఉంది.

వారం తర్వాత చూస్తే పిడి మీది చెయ్యి వెంట్రుకవాసి కదిలింది.

పెద్దవాళ్ళు వచ్చారు, కొలిచారు, గొంతులు పెంచి వాదించుకున్నారు. గుంట వాళ్ళు అనుకున్న లోతు కాదు. అక్క గంట పూర్తయ్యేసరికి మా మునిమనవలు కూడా మిగలరు. "ఆపెయ్యండి, ఆ యంత్రమేదో ఆపెయ్యండి," అని అమ్మ వాళ్ళ కాళ్ళ మీద పడింది. ఆపితే వంపు ఒక్కసారిగా నడిమికి ముడుచుకుంటుంది. అప్పుడు లోపలున్న మనిషి ఏమవుతుందో లెక్క వేశారు. ఎవరు వేసినా, ఏ దారిన వేసినా జవాబు ఒక్కటే వచ్చింది, అనంతం. బావ తలుపుకు అడ్డంగా నిలబడి, "నాకు తెలీదు అని చెప్పే లెక్కను నమ్మి నా పెండ్లాన్ని చంపుకోను," అన్నాడు.

అద్దం ఇవతల రాసి చూపించాలన్నా దీపం వెలిగించకూడదు, పైగా అక్క వీపు మా వైపు. తలుపు తట్టినా, అక్కడికి చేరేసరికి ఆ చప్పుడు ఏ చెవికీ అందని సన్నటి కీచు. లోపలికి ఎవరు పోయినా వాళ్ళూ ఆ నెమ్మది కాలంలోనే చిక్కుతారని ఎవరినీ పోనివ్వకుండా, రెండేళ్ళు చూసి పెద్దవాళ్ళు వెళ్ళిపోయారు. యంత్రాన్ని కనిపెట్టుకుని ఉండటానికి బావను, లిఫ్టు నడపడానికి ఖాదర్‌ను ఉంచారు.

తర్వాతి ఏళ్ళను నేను కన్నీళ్ళతో గుర్తు చేసుకోను, చిత్రంగా. రోహిణి పుట్టినరోజుకు ఏడాదికోసారి ముగ్గురం కిందికి దిగేవాళ్ళం. బావ పిల్లను కిటికీ దాకా ఎత్తి పట్టుకునేవాడు.

"అమ్మ ఎందుకు కదలదు నాన్నా?"

"కదుల్తాంది. నువ్వే ఆత్రపడతాండావు."

ఏడాదికేడాది అక్క పిడి వదిలింది. నెమ్మదిగా ఇటు తిరిగింది. ఆమె మొహం పూర్తిగా మా వైపుకు వచ్చిన పుట్టినరోజు రోహిణి ఇంటికొచ్చి అద్దంలో తన మొహం చూసుకుంటూ కూర్చుంది. తర్వాత ఆ మొహం కూడా మళ్ళీ అవతలికి తిరిగిపోయింది. రంగు మాత్రం ప్రతి ఏడాదీ దిగుతూ వచ్చింది. కుంకుమ పోయి ఎండుమిరప, అది పోయి కాల్చిన ఇటుక. ఇక కంటికి ఆననప్పుడు బావ ప్రత్యేకంగా ఒక కెమెరా తయారు చేశాడు.

అమ్మ పోయే ముందు మంచం మీద నుంచి అడిగింది, "సంచి దింపిందా అది?"

"ఇంకా దింపల్యా మా. భుజం మీదే ఉంది."

"ఉండలు ఎక్కువ పెట్టినా. బరువు," అంది అమ్మ. ఆ తర్వాత మాట్లాడలేదు.

బావ రోజూ పొద్దున దిగేవాడు. ముందు గదిలో ఆ బల్ల మీదే కూర్చునేవాడు. మొదట్లో సాయంత్రానికి వచ్చేవాడు. పోనుపోను, మధ్యాహ్నం భోజనానికి వచ్చాననుకుని రాత్రి భోజనానికి వచ్చేవాడు. "అప్పుడే చీకటి పడిందేంది?" అని ఆశ్చర్యపోయేవాడు. పెళ్ళాం దూరమైన మనిషికి వేళ తెలియదులే అనుకున్నాం. కాలనీలో మా పక్కింటి ఓబుళమ్మ మాత్రం ఊరుకునేది కాదు. "ఆయప్పకేం దిగులు! పెండ్లాం పొయ్యి ఇన్నేండ్లైనా తలలో ఒక తెల్లెంటిక ల్యా. నువ్వు చూడు కనకం, ఆయప్పకు అక్కవైపోయినావు." నాకు కోపం వచ్చేది. కానీ అద్దంలో చూసుకుంటే ఆమె అన్నది అబద్ధం కాదు.

రోహిణి అమ్మ చదువే చదివింది. అనంతపురంలో ఒక కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పేది. 2011 శ్రావణంలో సెలవు మీద వచ్చింది. అప్పటికి తనకు ముప్ఫై మూడు, దిగిన రోజు మా అక్క వయసు. భోజనాల దగ్గర పాత కబుర్లు అడిగింది. నేను సంచి కథ మొదలుపెట్టాను. అమ్మ శూల గోల, పరస్థానం, గడియారం, అక్క వేసిన జోకు.

రోహిణి ముద్ద నోటి దాకా తీసుకెళ్ళి ఆపింది. "ఎంత వెనకబడింది చిన్నమ్మా?"

"పావుగంట. ముసలిదై..."

"ముందురోజు పెట్టిన సంచి. రాత్రంతా ఆ బల్ల మీదే ఉంది." రోహిణి నెమ్మదిగా తల తిప్పి వాళ్ళ నాన్న తెల్లబడని జుట్టు వైపు చూసింది. "నాన్నా, నువ్వు రోజూ కూర్చునేది ఆ బల్ల మీదే కదా?"

బావ కంచంలోంచి చెయ్యి తీసేశాడు. "గడియారం బాగానే నడిచింది," అన్నాడు. "అది నిజమే చెప్పింది. మేమే ముల్లు తిప్పినాము."

నాకు అర్థమయ్యేలా రోహిణి చెప్పింది. గుంట అంచు అక్క దిగకముందే గోడ దాటి ముందు గదిలోకి పాకింది. అంటే లోపల వాళ్ళ కొలత ఎప్పుడో తప్పింది. ఆ పావుగంట ఆ రోజే ఎవరైనా పట్టించుకుని ఉంటే అక్కను ఆపేవాళ్ళు. ఇప్పటికీ అది పాకుతూనే ఉంది. ఇంకా కొన్నాళ్ళు పోతే ముందు గదే గుంట అవుతుంది. అప్పుడు ఆమె దగ్గరికి పోవడానికి దారి కూడా ఉండదు.

"అమ్మ సంచి కింద పెట్టింది," అంది రోహిణి. "ఇప్పుడు కూర్చోబోతాంది. కూర్చుంటే చెయ్యి చక్రం మీదికి పోతాది. ఒక్కసారి తిప్పిందంటే ఇంక ఏండ్లు కాదు, యుగాలు. అంతలో ఎవరన్నా లోపలికి పోయి చెయ్యి పట్టుకొని ఆపాల. మూడడుగులు. ఆపి బయటికి తెస్తే, పైన ముప్ఫై ఏండ్లు పడతాదేమో. ఫర్వాలేదు. వచ్చేసరికి ఆమెకూ నాకూ ఒకటే వయసు."

"మరి నేనో?" అన్నాను. ఆ మాట నా నోటినుంచి ఎలా వచ్చిందో తెలియదు.

రోహిణి కంచం ముందు నుంచి లేచింది. వచ్చి నా ఒళ్ళో తల పెట్టుకుంది. నేను పెంచిన పిల్ల అది. వద్దు అనడానికి నాకు నోరు రాలేదు, వెళ్ళు అనడానికీ రాలేదు.

గురువారమే దిగుతానంది, అమ్మ దిగిన వారం. బుధవారం నేను చెనిక్కాయల ఉండలు చేశాను. రోహిణి తన కాలేజీ సంచిలో చీర, ఉండల డబ్బా, ఒక దువ్వెన, రెండు రిబ్బన్లు పెట్టుకుంది. దువ్వెన ఎందుకని నేను అడగలేదు.

బావ స్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని వచ్చాడు. "రేపు గురువారం. మీ అవ్వ ఉంటే పోనిస్తాదా? సంచి ఇటియ్యి, పరస్థానం పెట్టొస్తా."

"నువ్వు కూడానా నాన్నా!" అని రోహిణి నవ్వింది. వాటిని నమ్మే మనిషి కాదు. అవ్వ గుర్తుకొచ్చి ఇచ్చేసింది.

బావ సంచి భుజాన వేసుకున్నాడు. గడప దగ్గర ఆగి నన్ను చూశాడు. "ఏం మరదలా, మోసేటోడు లెక్కకు రాడు కదా? మీ అమ్మ చెప్పిన మాటే."

"రాడు బావా," అన్నాను. పొయ్యి మీద పాలు పొంగుతుంటే అటు తిరిగాను.

మధ్యాహ్నం దాటాక ఖాదర్ వచ్చాడు. చెప్పులు విప్పకుండా వాకిట్లోనే నిలబడ్డాడు. "అక్కా, అన్న పైకి బెల్లు కొట్టల్యా. నేను దిగి చూసినా. ముందు గదిలో ల్యాడు. సంచి కూడా ల్యాదు." గడప వైపు ఒక అడుగు వేశాడు. "పొద్దున దిగేటప్పుడు ఒక మాట చెప్పినాడు, పాప అడిగితే చెప్పమన్నాడు. జడ వేయించుకునేటిదే కిందికొస్తే పైన వేసేదెవరికి, అన్నాడు. నాకు తెలీల్యా అక్కా, ఏదో తమాషాకు అన్నాడనుకున్నా."

ముగ్గురం దిగాం. తలుపు లోపల నుంచి గడియ పడి ఉంది. రోహిణి రెండు చేతులా బాదింది. ఖాదర్ దీపాలు ఆర్పి కిటికీ రెక్క తీశాడు. కెమెరాలో ఇద్దరూ కనిపించారు. అవతల అక్క, మోకాళ్ళు వంచి కూర్చోబోతోంది. ఇవతల తలుపు దగ్గర బావ, సంచి భుజాన, ఒక కాలు ముందుకు. మొహం మాత్రం మా వైపు తిప్పుతున్నాడు.

తలుపు విరగ్గొట్టవచ్చు. కానీ గుంట అంచు చెదిరితే లోపల ఇద్దరికీ ఏమవుతుందని రోహిణి లెక్క వేసుకుంది. జవాబు తనకు ముందే తెలుసు. చేతులు దించేసింది.

బావ మొహం పూర్తిగా మా వైపుకు రావడానికి రెండేళ్ళు పట్టింది. పెదవులు నవ్వులోకి విచ్చుకోవడానికి ఇంకా కొంత. ఆ నవ్వు చూస్తూ రోహిణి ఒక పుట్టినరోజున పట్టలేక అరిచింది.

"ఎందుకు తిరిగినాడు చిన్నమ్మా? వెనక్కి చూడొద్దని అవ్వ చెప్పింది కదా! నేనైతే చూసేదాన్ని కాదు. ఉన్నది మూడడుగుల వేళ. అందులో సగం మనల్ని చూసేదానికే పాయ!"

అది నిజమే. ఇంకో నిజం కూడా ఉంది. బావ తల తిప్పిన క్షణాన కిటికీకి రెక్క వేసి ఉంది. అవతల మేము లేము, ఇంట్లో పాలు కాచుకుంటున్నాం. ఆయన నవ్వింది మూసిన ఇనుప రెక్కను చూసి. నవ్వు పూర్తయ్యేసరికి వీళ్ళు వచ్చి నిలబడి ఉంటారని నవ్వాడు. ఉన్నాం కూడా. ఈ మాట రోహిణికి చెప్పాను. అప్పుడు ఏడ్చింది.

కాలేజీ ఉద్యోగం వదిలేసి తండ్రి ఉద్యోగంలో చేరింది. కింద ఎక్కువసేపు కూర్చోదు. "నేను పైన ముసలిదాన్ని కావాల, అదే నా డ్యూటీ," అంటుంది.

చివరిసారి బాగా కనిపించిన చిత్రంలో అక్క కుర్చీలో కూర్చుని ఉంది. కుడిచెయ్యి చక్రం వైపు చాచింది. వేళ్ళకూ చక్రానికీ మధ్య బెత్తెడు. వెనక బావ, భుజం మీది సంచి గాలిలోకి లేచి ఉంది, చెయ్యి ముందుకు చాచాడు. ఆ వేళ్ళకూ అక్క భుజానికీ మధ్య కూడా దాదాపు అంతే. రోహిణి స్కేలు పెట్టి కొలవబోయి, వద్దనుకుని పక్కన పెట్టేసింది. మరుసటి ఏడాది కెమెరా పెడితే చీకటి. కెమెరా బాగానే ఉంది. వాళ్ళ మీద నుంచి వచ్చే వెలుగు ఏ కెమెరాకూ అందనంత దిగిపోయింది.

"కనబడకుంటే ల్యారని కాదు చిన్నమ్మా," అంది రోహిణి లిఫ్టులో. "మనకు కబురు రాలేదు, అంతే." లోపల అడుగు ఉందో లేదో, ఎవరి చెయ్యి ముందు తగిలిందో, మనుషులు రాసుకున్న ఏ సూత్రమూ చెప్పదు.

ఇప్పుడు నాకు మెట్లు దిగడమే కష్టం, గని సంగతి సరే. వాకిట్లో కూర్చుని గని వైపు చూస్తుంటాను. ఎవరు ఏ పని మీద బయటికి వెళ్ళినా తిరిగొచ్చేదాకా నాకు అన్నం సహించదు. అది చూసి రోహిణి వేళాకోళం చేస్తుంది. తన జుట్టు సగం నెరిసింది. కత్తిరించుకోమంటే వినదు. ఆదివారం తలంటి, ఎండలో ఆరబెట్టి, జడ నేనే అల్లుతాను. ఇప్పటికీ సరిగ్గా రాదు.

మా అక్క సువర్ణ 1984 మార్గశిరంలో ఒక గురువారం గనిలోకి దిగింది. తిరిగి రాలేదు. మా బావ చెన్నకేశవులు 2011 శ్రావణంలో ఒక బుధవారం, సంచి పెట్టి రావడానికి దిగాడు. ఆయన కూడా తిరిగి రాలేదు.